నవల తీసుకుంటామని మర్నాడే జవాబొచ్చింది. సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

కొత్తకలం:

అందరికీ నమస్కారం. నా మొదటి నవల ఈమధ్యే పూర్తయింది, అరవై వేల పదాల పైచిలుకు. ఎలా రాయాలో చెప్పేవాళ్లు చాలామంది దొరికారు గానీ, రాసేశాక ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఒక ప్రచురణ సంస్థకి రాతప్రతి మెయిల్ చేశాను. మర్నాడే జవాబొచ్చింది. నవల వాళ్ల కమిటీకి ఎంతో నచ్చిందట, ప్రచురిస్తారట. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కిందికి వెళ్తే మూడు ప్యాకేజీలు కనిపించాయి. ఎడిటింగు, ముఖచిత్రం, ప్రచారం అన్నీ వాళ్లే చూస్తారు, ఖర్చు మాత్రం నేను పెట్టుకోవాలి. అగ్రిమెంటు కూడా జతచేశారు. అందులో నాలుగో క్లాజు ఇది: "ఈ రచనపై ప్రపంచవ్యాప్తంగా, అన్ని భాషలలో, ఇప్పుడున్న మరియు ఇకపై రాబోవు అన్ని మాధ్యమాలలో, కాపీరైటు కాలం ముగియువరకు సర్వహక్కులు ప్రచురణకర్తకు చెందును." రాయల్టీ, అంటే అమ్మకాల మీద రచయితకిచ్చే వాటా, దగ్గర "నికర లాభంలో 40 శాతం" అని ఉంది.

మామూలుగా పది శాతం లోపే ఇస్తారని విన్నాను, కాబట్టి నలభై అంటే మంచి బేరమే కదా అనిపిస్తోంది. కానీ ఆ నాలుగో క్లాజు చదివిన ప్రతిసారీ గుబులుగా ఉంది. ఇంకో భయం కూడా ఉంది. కాపీరైటు రిజిస్టరు చేయించకుండానే పంపేశాను. ఇప్పుడు వద్దంటే నా కథ వాళ్లే వాడేసుకుంటారా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రసిరా:

కొత్తకలం గారూ, మొదటి నవల చివరిదాకా రాసి ముగించడం చిన్న విషయం కాదు, అభినందనలు. చాలా ఏళ్లు ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా చేశాను, అక్కడ చూసిందే చెబుతాను. సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకండి.

ముందు ఆ "మర్నాడే" సంగతి. అరవై వేల పదాలు శ్రద్ధగా చదవడానికే రోజులు పడుతుంది. మా దగ్గరికి వచ్చిన రాతప్రతిని మొదట ఒకరు చూసేవారు. ముందు పేజీలు, సారాంశం చదివి, ఆసక్తి కలిగితే మొత్తం తీసుకునేవారు. వాళ్లకు నచ్చితే ఎడిటర్ బల్ల మీదికి వచ్చేది. ఎడిటర్‌కి నచ్చినా అయిపోలేదు. సమావేశంలో అమ్మకాలవాళ్లు కూర్చునేవారు. ఈ పుస్తకం ఎవరు కొంటారు, షాపులో ఏ అరలో పెడతారు, ఇలాంటిదే పోయినేడాది వేశాం కదా, ఇన్ని ప్రశ్నలు. పేజీల లెక్క, కాగితం, ముద్రణ ఖర్చు, ఎన్ని కాపీలు అమ్మితే పెట్టుబడి తిరిగొస్తుంది, అన్నీ ఒక కాగితం మీద వేసి చూశాకే అవునో కాదో తేలేది. నెలలు పట్టేది. నాకు ప్రాణప్రదంగా నచ్చిన రాతప్రతులు ఆ ఒక్క కాగితం దగ్గర ఆగిపోవడం చూశాను. అందుకే తిరస్కారం వచ్చినప్పుడు అది మీ రాతకు పడిన మార్కు అనుకోకండి. చాలాసార్లు అది వాళ్ల లెక్క తేలకపోవడం.

మీ పుస్తకం మీద సంస్థ తన డబ్బు పెడితే ఆ లెక్క వేసుకోక తప్పదు. డబ్బు మీదే అయినప్పుడు వేసుకోవాల్సిన అవసరం వాళ్లకి లేదు, మర్నాడే జవాబిచ్చేయొచ్చు. మీరు చెల్లించగానే వాళ్ల లాభం వచ్చేసింది, ఆ తర్వాత కాపీలు అమ్ముడుపోయినా పోకపోయినా వాళ్లకి ఒకటే. మామూలు ప్రచురణలో డబ్బు పాఠకుడి నుంచి షాపుకి, షాపు నుంచి సంస్థకి, సంస్థ నుంచి రచయితకి వస్తుంది. మధ్యలో రచయిత తరఫున సంస్థలతో మాట్లాడే ఏజెంటు ఉంటే తన కమీషను రచయితకి వచ్చిన దాంట్లోంచే తీసుకుంటారు. ఇంగ్లీషు ప్రచురణలో అది సాధారణంగా 15 శాతం. చదివిపెట్టడానికి రుసుము అడిగే ఏజెంటుకి దూరంగా ఉండండి.

ఇక ఆ నలభై శాతం. వెల 100 అనుకుందాం. వెల మీద 10 శాతం రాయల్టీ అయితే కాపీకి మీకు 10. షాపుకి, డిస్ట్రిబ్యూటరుకి కలిపి 50 వదిలేస్తే సంస్థకి వచ్చేది 50. "వచ్చిన సొమ్ము మీద 10 శాతం" అని రాసుకుంటే మీ వాటా 5 అవుతుంది. "నికర లాభం" అంటే ఆ 50 లోంచి ముద్రణ, రవాణా, గోడౌను, ప్రచారం, ఆఫీసు ఖర్చు అన్నీ తీసేశాక మిగిలింది. ఆ ఖర్చులు రాసేది వాళ్లే. ఏమీ మిగల్లేదంటే సున్నాలో నలభై శాతం సున్నానే. శాతం ఎంత అన్నదానికంటే, దేని మీద అన్నది ముందు చూడండి. లెక్కలు ఏడాదికి ఎన్నిసార్లు పంపుతారో, మీరు అడిగితే ఖాతాలు చూపిస్తారో లేదో కూడా అగ్రిమెంటులోనే ఉండాలి.

రెండు భాషల మనిషి:

నేను కథలు రాస్తాను, అనువాదాలూ చేస్తాను. కొత్తకలం గారి గుబులు సరైనదే. ఆ నాలుగో క్లాజుకి నేనైతే ఒప్పుకోను.

రచయిత ప్రచురణకర్తకి ఇచ్చేది ఒక ఉపయోగానికి అనుమతి. ముద్రణ వేరు, ఈబుక్ వేరు, ఆడియో వేరు, అనువాదం వేరు, సినిమా వేరు. ఏది ఇస్తే ఆ పేరు రాసి, భాష, ప్రాంతం, కాలం రాసుకోవాలి. కింద ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి: "ఇందులో పేర్కొనని హక్కులన్నీ రచయితవే." ఒక సంస్థకి అనువాదకులతోనో ఆడియో వాళ్లతోనో పనే లేనప్పుడు ఆ హక్కులు తీసుకుని ఏం చేస్తుంది? బీరువాలో పెడుతుంది. రేపు ఎవరైనా మీ నవల అనువదిస్తామని వస్తే మీరు "అడిగి చెప్తా" అనాల్సి వస్తుంది.

"కాపీరైటు కాలం ముగియువరకు" అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది. కాపీరైటుపై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం ఆ కాలం రచయిత జీవితకాలం, ఆపైన కనీసం 50 ఏళ్లు. చాలా దేశాల్లో ఇంకా ఎక్కువ. మీ తర్వాత మీ పిల్లలు కూడా ఆ కాగితానికి కట్టుబడి ఉంటారు.

హక్కులు తిరిగి రావడం గురించి కాస్త గట్టిగా చెబుతాను. నా మొదటి కథల సంపుటి అగ్రిమెంటులో "పుస్తకం అందుబాటులో లేనిచో హక్కులు రచయితకు తిరిగి వచ్చును" అని ఉంది. కాపీలు అయిపోయి ఏళ్లు గడిచాయి. వేరే సంస్థ మళ్లీ వేస్తామని ముందుకొచ్చింది. పాత సంస్థని అడిగితే, ఈబుక్ ఉంది కదా, పుస్తకం అందుబాటులోనే ఉన్నట్టు, అన్నారు. ఆ ఈబుక్ కొనేవాళ్లు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా కాగితం ప్రకారం వాళ్ల మాటే నెగ్గింది, ఆ సంపుటి ఇప్పటికీ అక్కడే చిక్కుకుని ఉంది. అందుకని మీ క్లాజులో ఒక అంకె ఉండాలి: ఏడాదిలో ఇన్ని కాపీల కన్నా తక్కువ అమ్మితే, రచయిత రాసి అడిగిన ఆరు నెలల్లో హక్కులు వెనక్కి. అలాగే సంతకం అయిన ఇన్ని నెలల్లోగా పుస్తకం వెయ్యకపోతే అగ్రిమెంటు రద్దు. "మీ తర్వాతి పుస్తకం కూడా మాకే" అనే మాట ఎక్కడైనా దాగుందేమో చూడండి, ఉంటే కొట్టేయించండి.

చివరి ప్రూఫు:

కాపీరైటు భయం గురించి నాలుగు మాటలు. రచన కాగితం మీదకో కంప్యూటర్లోకో ఎక్కిన క్షణమే కాపీరైటు మీది. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో రిజిస్ట్రేషను లేకపోతే హక్కు లేదనే పరిస్థితి లేదు. కొన్ని చోట్ల కోర్టుకెళ్లాల్సి వచ్చినప్పుడు రిజిస్ట్రేషను అక్కరకొస్తుంది, అంతే. మీ చిత్తుప్రతులు, పంపిన మెయిలు తేదీలతో సహా దాచుకోండి.

ఆ ప్యాకేజీల్లో "ఐఎస్‌బీఎన్" గొప్పగా రాసి ఉంటే దానికి పొంగిపోకండి. అది 13 అంకెల గుర్తింపు సంఖ్య. 978 తోనో 979 తోనో మొదలవుతుంది. పేపర్‌బ్యాక్‌కి ఒకటి, ఈబుక్‌కి ఒకటి విడిగా ఉంటాయి. పుస్తకం ఎవరు వేశారో చెబుతుంది, కాపీరైటుతో దానికి సంబంధం లేదు.

కొత్తకలం:

ఎర్రసిరా గారూ, రెండు భాషల మనిషి గారూ, చివరి ప్రూఫు గారూ, చాలా చాలా కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ రాసి ఆ సంస్థకి పంపాను. అగ్రిమెంటు అందరికీ ఒకటే, మార్చడం కుదరదు, శుక్రవారంలోగా చెప్పకపోతే అవకాశం పోతుంది అన్నారు. అవసరం లేదని జవాబిచ్చేశాను. చాలా బాధగా ఉంది, కానీ నవల నా దగ్గరే ఉంది.

ఇప్పుడు వేరే సంస్థలకి పంపాలనుకుంటున్నాను. సారాంశంలో ముగింపు చెప్పెయ్యాలా, దాచాలా? ఒకేసారి ఇద్దరు ముగ్గురికి పంపొచ్చా?

ఎర్రసిరా:

మంచి పని చేశారు. ముగింపు తప్పకుండా చెప్పండి. "ఆ తర్వాత ఏమైందో నవలలో చదవండి" అని ఆపేసిన సారాంశాలు మాకు ఎందుకూ పనికొచ్చేవి కావు. కథ నిలబడుతుందో లేదో తెలియాలంటే చివర తెలియాలి. అది అట్ట వెనక రాసే మాట కాదు, మీరు ఎడిటర్‌కి చెప్పే కథ. ఒకటి రెండు పేజీలు, వర్తమాన కాలంలో, ముఖ్యపాత్రకి ఏం కావాలో, ఏది అడ్డొచ్చిందో, చివరికి ఏం తేలిందో రాయండి.

ఒకేసారి పంపొచ్చు, ఆ సంస్థ నియమాల్లో వద్దని లేకపోతే. ఇంకొకరికి కూడా పంపానని మెయిల్లో ఒక వాక్యం రాయండి, ఒకరు తీసుకుంటే మిగతావాళ్లకి వెంటనే తెలియజెయ్యండి. పంపేముందు ఆ సంస్థ ఈమధ్య వేసిన నవలలు రెండైనా చదవండి. ముఖచిత్రం, ప్రూఫులు, కాగితం ఎలా ఉన్నాయో చూడండి. ఆ రచయితల్లో ఒకరికి రాసి, లెక్కలు టైముకి వస్తున్నాయా అని అడగండి. నాకు తెలిసినంతలో రచయితలు ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండరు.

మీ సారాంశం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.