అప్‌డేట్: అమ్మకు సైనస్ లిఫ్ట్, ఇంప్లాంట్ రెండూ అయ్యాయి

పైదవడ ఎముక పల్చబడింది, సైనస్ లిఫ్ట్ (ముక్కు పక్కనుండే గాలి గది అయిన సైనస్ అడుగు పొరను పైకి జరిపి, కింద ఎముక పొడి నింపడం) చేశాకే ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ వేసి దానిమీద పెట్టే కట్టుడు పన్ను) అంటున్నారు, షుగర్ ఉన్న అమ్మకు చేయించొచ్చా అని ఏడాదిన్నర కిందట అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్. చేయించాం, బాగుంది.

మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 8.6 శాతం ఉందని డాక్టరుగారు మొదట వెనక్కి పంపేశారు. అప్పుడు విసుగొచ్చింది కానీ ఆయన చేసిందే మంచిదైంది. 7.1కి దిగాక మొదలుపెట్టారు. స్కాన్‌లో ఎముక ఎత్తు 4 మిల్లీమీటర్లే. ఎముక పొడి నింపి ఆరు నెలలు ఆగి స్క్రూ వేశారు. టైటానియం ఎముకతో అతుక్కోవడానికి ఇంకో నాలుగు నెలలు.

నొప్పి గురించి అడిగారు కదా, మూడు రోజులు చెంప వాచింది, మాత్రలతో తగ్గింది. అసలు టెన్షన్ ఆ తర్వాతే. సైనస్ మీద ఒత్తిడి పడకూడదని ముక్కు చీదకూడదు, స్ట్రాతో తాగకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి. అమ్మకేమో పొద్దున్నే వరసగా తుమ్ములు. వచ్చినప్పుడల్లా చెంప పట్టుకుని, నోరు బార్లా తెరిచి, భయంగా నా వైపు చూసేది.

పోయిన వారం స్క్రూ మీద పన్ను క్యాప్ పెట్టారు. ఎనిమిదేళ్లుగా ఎడమవైపు నమలని మనిషి నిన్న జంతిక ముక్క అటే పెట్టుకుని కొరికింది. ఆ కరకర నాకు వంటింట్లోకి వినిపించింది.