ఇంటి షెడ్డులో వెల్డింగ్ టేబుల్: 8 వేలలో అవుతుందా, అసలు అవసరమా?

పెరటిషెడ్డు_కాకినాడ
అందరికీ నమస్కారం. పెరట్లో 10 అడుగులకి 8 అడుగుల రేకుల షెడ్డు ఉంది. 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కొని ఆరు నెలలైంది. ఇప్పటిదాకా సిమెంటు నేల మీదే పని చేస్తున్నాను. మొన్న పెరటి తలుపుకి ఫ్రేము చేశాను. నేల మీద పెట్టి మూలమట్టంతో చూస్తే నాలుగు మూలలూ సరిగ్గానే ఉన్నాయి. తీరా తలుపు బిగించాక కింది మూల వేలెడు బయటికి వచ్చింది. అందుకే టేబుల్ చేసుకుందామని. 4 అడుగులకి 2 అడుగుల సైజు చాలు. బడ్జెట్ 8 వేలు. పైన 10 ఎంఎం ప్లేటు వేయాలా, 6 ఎంఎం సరిపోతుందా? కాళ్ళకి పాత జీఐ పైపులున్నాయి, వాడొచ్చా?

గాజువాక_మేస్త్రి
తమ్ముడూ, టేబుల్ మీద 8 వేలు పోయకు. ఆ డబ్బుతో మంచి హెల్మెట్టు, నాలుగు సి క్లాంపులు, తోలు గ్లౌజులు కొనుక్కో. నేను 27 ఏళ్ళుగా గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తున్నాను. అన్నీ నేల మీదే. నీ ఫ్రేము మెలి తిరిగింది నేల వల్ల కాదు. ఒక మూల మొత్తం వెల్డ్ కొట్టేసి రెండో మూలకి వెళ్ళుంటావు. వెల్డ్ చల్లారేటప్పుడు ముడుచుకుని తన వైపుకి లాగుతుంది. ముందు నాలుగు మూలలకీ చిన్న టాకులు, అంటే చుక్కల్లాంటి వెల్డులు పెట్టు. కర్ణాలు రెండూ టేపుతో కొలువు, సమానంగా ఉండాలి. ఆ తర్వాత ఎదురెదురు మూలలు మార్చి మార్చి కొట్టు.

ఐటీఐ_2019
జీఐ పైపు వద్దు బ్రో. దాని మీద జింకు పూత ఉంటుంది. వెల్డ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు. పైన గ్రైండ్ చేసినా లోపలి పూత అలాగే ఉంటుంది. రేకుల షెడ్డులో అసలే వద్దు.

మట్టం_తప్పదు
బాలానగర్‌లో టూల్ రూమ్‌లో, అంటే అచ్చులు, పనిముట్లు కొలత తప్పకుండా చేసే చోట పని చేస్తాను. మేస్త్రి గారు వెల్డింగ్ వరస గురించి చెప్పింది కరెక్టే. కానీ నేల మీద సరిగ్గా వస్తుందనడం తప్పు. ఇంటి నేల నీళ్ళు పోవడానికి వాలుగా పోస్తారు, మధ్యమధ్యలో పల్లాలు ఉంటాయి. ఫ్రేము నాలుగు మూలల్లో ఒకటి 3 ఎంఎం పల్లంలో కూర్చుంటే మూలమట్టం ఆ తేడా పట్టుకోలేదు. కర్ణాలు కూడా దాదాపు సమానంగానే వస్తాయి. అది మెలి. కొలత టేపుకి మెలి దొరకదు.

ప్లేటు లెక్క: ఉక్కు ఒక చదరపు మీటరు, 1 ఎంఎం మందానికి 7.85 కిలోలు. మీ సైజుకి 10 ఎంఎం అంటే దాదాపు 58 కిలోలు, 6 ఎంఎం అంటే 35. మీ ఊళ్ళో కిలో రేటుతో గుణించుకోండి. నా సలహా ప్లేటే వద్దు. 75 ఎంఎం చానళ్ళు (సి ఆకారం ఉక్కు కడ్డీలు) 4 అడుగుల ముక్కలు ఐదు తీసుకుని, చదునైన వీపు పైకి పెట్టి, మధ్యలో రెండు వేళ్ళ ఖాళీ వదిలి, ఫ్రేముకి బోల్టులతో బిగించండి. ఆ ఖాళీల్లో క్లాంపు ఎక్కడైనా పడుతుంది. ఎత్తు తక్కువైన చోట బోల్టు దగ్గర పల్చటి రేకు ముక్క పెట్టి లేపుకోవచ్చు. ప్లేటు ఒకసారి వంగిందంటే ఇంట్లో దాన్ని సరిచేయలేరు.

గాజువాక_మేస్త్రి
మా షాపు నేలకి రసమట్టం పెట్టి చూపిస్తా రా. బుడగ మధ్యలోనే ఉంటుంది. పోయించేటప్పుడు దగ్గరుండి పోయించాను.

మట్టం_తప్పదు
రసమట్టం వాలు చెబుతుంది, చదును చెప్పదు. రెండూ వేరు. వాలుగా ఉన్న టేబుల్ కూడా చదునుగా ఉండొచ్చు, దాని మీద చేసిన ఫ్రేము సరిగ్గానే వస్తుంది. బుడగ మధ్యలో ఉన్న నేలలోనూ గుంటలు ఉండొచ్చు.

గాజువాక_మేస్త్రి
27 ఏళ్ళలో ఒక్క గేటు కూడా వెనక్కి రాలేదు.

రాజమండ్రి_వడ్రంగి
నా చెక్క బల్ల మీద 2 ఎంఎం రేకు వేసి వాడితే కుదరదా?

ఐటీఐ_2019
@రాజమండ్రి_వడ్రంగి కుదరదండీ. రేకు ఆ వేడికి ఉబ్బుతుంది, కింద చెక్క మాడుతుంది. రవ్వ సందులోకి పోతే మీరు వెళ్ళిపోయాక రాజుకుంటుంది.

పెరటిషెడ్డు_కాకినాడ
థాంక్స్ అండీ. జీఐ పైపులు పక్కన పెట్టేశాను. చానల్ ఐడియా బాగుంది. కానీ బోల్టులంటే డ్రిల్లింగ్ చాలా ఉంటుంది కదా, వెల్డ్ చేసేస్తే?

మట్టం_తప్పదు
వెల్డ్ చేస్తే మళ్ళీ లాగుతుంది. ప్లేటు వేసినా ఫ్రేముకి చుట్టూ పూర్తిగా కొట్టకూడదు. అక్కడక్కడా అంగుళం చొప్పున చాలు. మా పక్క షెడ్డులో 12 ఎంఎం ప్లేటుకి చుట్టూ ఏకధాటిగా కొట్టారు. మధ్యలో బొర్ర లేచింది. 12 ఎంఎం అండీ! మందం ఉంటే వంగదు అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మేస్త్రి గారికి ఒక మాట. గేటు వెనక్కి రాలేదంటే సరిగ్గా ఉందని కాదు. బిగించేటప్పుడు మీ కుర్రాడు సుత్తితో కొట్టి సర్దాడు. నేల మీద చేసేది ఫ్యాబ్రికేషన్ కాదు, సర్దుబాటు.

గాజువాక_మేస్త్రి
సర్దుబాటా? ఏసీ గదిలో పాలిష్ చేసిన రాయి మీద మైక్రాన్లు కొలిచేవాడివి నువ్వు చెప్పాలా నాకు? మే నెల ఎండలో మూడో అంతస్తులో తాడు కట్టుకుని రెయిలింగు కొట్టి చూడు. అక్కడికి టేబుల్ మోసుకెళ్తావా? సైటులో గోడే వంకర. వంకర గోడకి సరిపోయేలా చేయడమే పనితనం. నీ చానళ్ళూ రేకు ముక్కలూ అక్కడ పనికిరావు.

విజయవాడ_ఆటోనగర్
ఇద్దరూ కాస్త తగ్గండి. అడిగినాయన పాపం 8 వేల బడ్జెట్ అన్నాడు.

మట్టం_తప్పదు
తగ్గను. ఇది నాకు మైక్రాన్ల సంగతి కాదు.

మా నాయన వెల్డరే. బస్సు బాడీలు కట్టే షెడ్డులో 30 ఏళ్ళు నేల మీద గొంతుకూర్చుని పని చేసిండు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే అన్నానికి లేచేటోడు. ఇప్పుడు రెండు మోకాళ్ళూ అరిగిపోయినయి. బాత్రూంకి పోవాలన్నా కుర్చీ పట్టుకుని లేవాలి, లేచేటప్పుడు పళ్ళు బిగబట్టి శబ్దం రాకుండా చూసుకుంటడు, మేం వింటామని. నేను టూల్ రూమ్‌లో చేరిన మొదటి రోజు ఒక పెద్దాయన నడుం ఎత్తు బల్ల ముందర నిలబడి పని చేసుకుంటుంటే చూసి ఏడుపొచ్చింది. మా నాయన షెడ్డు ఓనరు ఒక్క బల్ల వేసుంటే ఏం పోయేది? ఇప్పుడు ఇంట్లో సరదాగా మొదలుపెట్టిన మనిషికి కూడా నేల మీద కూర్చో, బల్ల దండగ అని మీరే చెప్తున్నారు. అదే తట్టుకోలేకపోతున్నా.

గాజువాక_మేస్త్రి
రాత్రి చదివాను, వెంటనే రాయలేకపోయాను.

నాకూ కుడి మోకాలు పట్టేస్తుంది. కింద కూర్చోవడం నాకు ఇష్టమని కూర్చోలేదు. నా షాపు 12 అడుగులకి 14. గేటు రెక్క ఒక్కటే 6 అడుగులు. మధ్యలో బల్ల వేస్తే గేటు ఎక్కడ పరచాలి? ఇప్పటికే సగం పని షట్టరు బయట, రోడ్డు పక్కన. అడ్వాన్సు ఇచ్చినాయన శుక్రవారం గృహప్రవేశం అంటాడు. అప్పుడు ఎవడి మోకాలు ఎవడికి గుర్తొస్తుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. పోయిన నెల ఒకాయన బాల్కనీ గ్రిల్ రేటు అడిగాడు. చెప్పాను. ఫోనులో మెషిన్ బొమ్మ చూపించి, ఇది 6 వేలే, ఆ ధరకి మేమే కొనుక్కుని చేసుకుంటాం అన్నాడు. చేసుకోడు, నాకు తెలుసు. రేటు తగ్గించడానికి అన్న మాట. తగ్గించాను కూడా. ఈ తమ్ముడి పోస్టు చూడగానే ఆయన మొహమే కనబడింది. టేబుల్ వద్దన్నది కొంత ఆ కోపంతోనే. అది ఈయన తప్పు కాదు.

కానీ సర్దుబాటు అన్న మాట నేను ఒప్పుకోను. మీ నాన్నగారు కట్టిన బస్సుల్లో జనం ఎక్కి తిరిగారు కదా. అది సర్దుబాటేనా?

మట్టం_తప్పదు
ఆ మాట తప్పే. వెనక్కి తీసుకుంటున్నా. రసమట్టం విషయం మాత్రం తీసుకోను.

పెరటిషెడ్డు_కాకినాడ
మేస్త్రి గారూ, నేను నా ఇంటి పనులకే చేసుకుంటున్నానండీ. మెట్ల రెయిలింగు మా వీధి మేస్త్రి చేతే చేయించాను, ఎత్తు పని నాకు భయం. ఇద్దరినీ ఒకటి అడుగుతాను, టేబుల్ ఎంత ఎత్తు పెట్టాలి?

గాజువాక_మేస్త్రి
నిలబడి చెయ్యి మడిచి మోచెయ్యి ఎత్తు కొలువు. దానికి బెత్తెడు కింద పెట్టు. పొగ మొహానికి తగలకుండా పక్కకి నిలబడు. కాళ్ళకి 50 ఎంఎం యాంగిల్ (ఎల్ ఆకారం కడ్డీ), 6 ఎంఎం మందం చాలు. ఎర్త్ క్లాంపు, అంటే మెషిన్ రెండో వైరు క్లిప్పు, పట్టే చోట పెయింటు వేయకు. తుప్పు పట్టినా గ్రైండ్ చేసి మెరుపు తేవాలి, లేకపోతే అక్కడే రవ్వలు లేచి ఆర్క్ ఆగి ఆగి వస్తుంది. పని అయ్యాక అరగంట షెడ్డులోనే ఉండు, ఏదైనా రాజుకుంటే తెలుస్తుంది.

మట్టం_తప్పదు
బిగించాక ఎదురెదురు మూలల నుంచి రెండు నూలు దారాలు బిగుతుగా లాగండి. నాలుగు మూలల్లోనూ దారం కింద ఒకే మందం ఉన్న నట్టు పెట్టండి. మధ్యలో దారాలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. తర్వాత పైన ఉన్న దారాన్ని కిందకి మార్చి మళ్ళీ చూడండి. ఒకసారి ఖాళీ వచ్చి, రెండోసారి నొక్కుకుంటే మెలి ఉన్నట్టు.

పెరటిషెడ్డు_కాకినాడ
మూడు వారాల తర్వాత. ఐదు చానళ్ళూ బిగించాను. డ్రిల్లింగుకి రెండు ఆదివారాలు పట్టింది. మొత్తం 7,300 అయింది, బోల్టులతో కలిపి. దారాల మధ్య మూడు పోస్టుకార్డులు దూరేంత ఖాళీ ఉంది. మార్చి కడితే నొక్కుకుంటున్నాయి. వదిలేయనా?

గాజువాక_మేస్త్రి
వదిలెయ్. గేటుకి చాలు. పని మొదలుపెట్టు.

మట్టం_తప్పదు
వదలొద్దు. ఖాళీ వచ్చినప్పుడు కింద ఉన్న దారం ఏ మూలల నుంచి వస్తోందో చూసి, వాటిలో ఒక మూల కాలు కింద కాదు, చానల్ బోల్టు దగ్గర రేకు ముక్క పెట్టండి. పది నిమిషాల పని.