కోరింగ మడ అడవికి పిల్లలతో వెళ్తున్నాం, ఏ వేళకి వెళ్తే మంచిది?

ప్రశ్న (రాజమండ్రి నుంచి):
వచ్చే ఆదివారం కోరింగ వెళ్దామనుకుంటున్నామండీ. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, చెక్కబాట మీద ఆవిడ నడవగలరా అని టెన్షన్. పోయినసారి మా తోడికోడలు వాళ్లు వెళ్లి "నీళ్లు, చెట్లు తప్ప ఏముంది అక్కడ" అని గంటలో తిరిగొచ్చేశారు. నిజంగా అంతేనా?

జవాబు (కాకినాడ నుంచి):
మీ తోడికోడలు గారు పోటు మీద వెళ్లుంటారండీ. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఎవరికైనా అలాగే ఉంటుంది. అక్కడ చూడాల్సిందంతా బురదలో ఉంది. పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తీశాక వెళ్లండి. చెట్ల కింద నేలలోంచి మేకులు దిగ్గొట్టినట్టు వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలాడదు కాబట్టి మడచెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్య ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది ఉన్న పీతలు, రెక్కల మీద పాకుతూ గెంతే బురద చేపలు. బాబుని బోర్లా పడుకోబెట్టి చూపించండి, లేవడు.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ రోజూ యాభై నిమిషాల దాకా ఆలస్యమవుతూ పోతుంది, అందుకని ఎవరో పోయిన వారం చెప్పిన టైము మీకు పనికిరాదు. ఫోన్లో కాకినాడ టైడ్ టైమింగ్స్ అని వెతకండి. పాటుకి అరగంట ముందు లోపలికి వెళ్లి రెండు మూడు గంటలు ఉంటే, నీళ్లు పాయలోకి మళ్లీ ఎక్కడం కూడా కళ్లారా చూస్తారు. బోటు ఎక్కాలన్నా పాయలో నీళ్లుండాలి కాబట్టి దాన్ని చివరికి పెట్టుకోండి.

అత్తయ్యగారి గురించి బెంగ వద్దు, బాట చదునుగానే ఉంటుంది. మడత స్టూలు ఒకటి పట్టుకెళ్లండి. వాన పడితే మాత్రం పలకలు జారతాయి. పాపకి బెల్టున్న చెప్పులు వెయ్యండి. మా చిన్నాడి చెప్పు ఒకటి పలక అంచు నుంచి జారి సరిగ్గా ఆ వేళ్ల మధ్య పడింది. కళ్లెదుటే, మూడడుగుల కింద. దిగి తీసేవాడు లేడు. వాడు ఒంటి చెప్పుతో కుంటుకుంటూ కారు దాకా వచ్చాడు.

ఇంకోటి, ఆకులు తుంపనివ్వొద్దు. అక్కడ తిల్ల చెట్లుంటాయి. తుంపితే పాలు కారతాయి, కంట్లో పడితే మంటే మంట. దోమల క్రీము మర్చిపోకండి.

జవాబు (యానాం నుంచి):
బావురు పిల్లి కనిపిస్తుందని పిల్లలకి ఆశ పెట్టకండి, అది రాత్రి తిరిగేది. నీటికుక్కలు అదృష్టముంటే కనిపిస్తాయి. హోప్ ఐలాండ్ కూడా అదే రోజు చుట్టేద్దామంటారు కొందరు. అది వేరే పెట్టుకోండి, దానికి కాకినాడ నుంచి బోటెక్కాలి.

జవాబు (విశాఖ నుంచి):
అత్తయ్యగారు స్టూలు మీద కూర్చున్నప్పుడు చెప్పడానికో కబురు. ఇప్పుడు చిన్న ఊరైన కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 తుపాను దాన్ని ఊడ్చేసింది. ఇటునుంచి ఓడలెక్కి రంగూన్ పోయిన మనవాళ్లందరినీ బర్మాలో కోరంగీలనే పిలిచేవారు.

అడిగినవారు (మళ్లీ):
వెళ్లొచ్చామండీ. ఆ రోజు పాటు తొమ్మిదిన్నరకి, అందుకని ఇంట్లో ఆరింటికే బయల్దేరాం. బాబు పీతల్ని నలభై దాకా లెక్కపెట్టి, అన్నీ కలుగుల్లోకి దూరిపోయాయని ఏడ్చినంత పని చేశాడు. అత్తయ్యగారు సగం దూరం వచ్చి స్టూలేసుకున్నారు. మేం తిరిగొచ్చేసరికి ఆవిడ కాళ్ల కింద పలకల సందుల్లోంచి నీళ్లు మెరుస్తున్నాయి. "ఇందాక ఇక్కడ బురదే కదే!" అంటున్నారు. బోటు మాత్రం కుదర్లేదు, పాప నిద్రపోయింది.