రెండు ఉక్కులు అతికిన మడత కత్తి: మధ్యలో ఆ రాగి గీత పనికొచ్చేదా, సోకా?

మడతకత్తి_మోజు:

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఇది నాకు అవసరం లేదు. డ్రాయర్‌లో ఇప్పటికే ఐదు మడత కత్తులున్నాయి, అందులో మూడింటితో తెరవడం మూయడం తప్ప వేరే పని చేయించలేదు. అయినా ఆరోది వచ్చేసింది. మూడంగుళాల బ్లేడ్, బేరింగుల మీద తిరిగే ఫ్లిప్పర్. వెనకున్న చిన్న తోకను వేలితో నొక్కితే టక్‌మని తెరుచుకుంటుంది, ఆ చప్పుడు కోసమే నిన్నంతా తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను (ఇంట్లో వాళ్లు ఇక చాలన్నారు).

కానీ నన్ను పడగొట్టింది చప్పుడు కాదు, బ్లేడే. వెన్ను వైపు ఒక ఉక్కు, వాదర వైపు ఇంకో ఉక్కు, రెంటి నడుమ పిడి దగ్గర్నుంచి మొన దాకా రాగి రంగులో వంకర్లు తిరిగిన సన్నటి గీత. వెన్ను మసగ్గా బూడిద రంగులో ఉంటుంది, గీత దాటి కిందికి రాగానే మెరుపు. లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పితే ఒక్కోసారి ఆ గీత ఒక్కటే వెలుగుతుంది. వాదర డి2 అనే ఉక్కు, వెన్ను స్టెయిన్‌లెస్ అని డబ్బా మీద రాశారు, అంతకుమించి వివరం లేదు.

ఇప్పుడు టెన్షన్ మొదలైంది. గట్టిగా వాడితే ఆ అతుకు దగ్గర ఊడొస్తుందా? సానపట్టీ పట్టీ గీత దాకా అరిగిపోతే తర్వాత మెత్తటి ఉక్కుతో కోసుకోవాలా? లోపల గట్టి ఉక్కు, అటూ ఇటూ మెత్తటి ఉక్కు అని వేరే కత్తుల గురించి చదివాను, అదీ ఇదీ ఒకటేనా? అసలు కోతలో తేడా ఏమైనా ఉందా, లేక నాలాంటివాళ్లని బుట్టలో వేయడానికేనా? "అందంగా ఉంది, చాలదా" అన్న జవాబు వచ్చినా తీసుకుంటాను.

సానరాయి:

ఊడదు. అది జిగురు కాదు, బ్రేజింగ్. ఒకరకంగా టంకమే, కాకపోతే సీసం, తగరం బదులు రాగి. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఉక్కు కరగాలంటే ఇంకా చాలా వేడి కావాలి. రెండు ముక్కల్నీ ఆనించి ఫర్నేసులో అంత వేడికి తీసుకెళ్తే రాగి కరిగి ఆ వెంట్రుకంత సందులోకి తనంతట తనే పాకుతుంది, చల్లారాక విడదీయడం మామూలు పని కాదు. గీత వంకర్లు కూడా పూర్తిగా సోకు కాదు. రెండు ముక్కలు పళ్లలాగా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, పైగా అతుకు పొడవు పెరుగుతుంది. కెర్షా వాళ్లు లీక్ లాంటి మోడల్స్‌తో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చారు.

మీరు చదివిన రెండోది వేరే సంగతి. దాన్ని శాన్‌మై అంటారు, లామినేట్ అన్నా అదే. మీ కత్తిలో అతుకు బ్లేడ్ పొడవునా నడుస్తుంది, పైన ఒకటి కింద ఒకటి. శాన్‌మైలో గట్టి ఉక్కు మధ్యలో ఉంటుంది, దానికి రెండు చెంపలా మెత్తటి స్టెయిన్‌లెస్. ఫాల్‌క్నివెన్ వాళ్ల ఎఫ్1 కత్తి మధ్యలో విజి10 అనే గట్టి ఉక్కు, అటూ ఇటూ 420జె2 అనే మెత్తటి ఉక్కు చెంపలతో వచ్చింది (అది మడత కత్తి కాదనుకోండి). మడత కత్తుల్లో స్పైడెర్కో కంపెనీ జెడ్‌డిపి189 అనే ఉక్కుని ఇలాగే పొరల మధ్య పెట్టింది. ఆ ఉక్కులో కార్బన్ దాదాపు 3 శాతం, విపరీతమైన గట్టిదనం, దానికి తగ్గ పెళుసు. అలాంటిదానికి చెంపలు మెత్తగా ఉంటే బ్లేడ్ తట్టుకుంటుంది, తయారీలో అరగదీయడమూ తేలిక. ఎంత సానపట్టినా వాదర దగ్గర గట్టి ఉక్కే బయటికొస్తుంది, ఎందుకంటే అది వెన్ను దాకా ఉంది. మీ దాంట్లో లెక్కప్రకారం ఒకరోజుకి గీత తగులుతుంది. ఒకసారి స్కేలు పెట్టి కొలవండి, గీత కింద డి2 ఎన్ని మిల్లీమీటర్లుందో. రాయి మీద చేత్తో పట్టేవాడికి ఒక్క మిల్లీమీటరు అరగడానికే ఏళ్లు పడుతుంది. మోటారు చక్రం మీద పొడిగా పెడితే మాత్రం ఆ లెక్క తప్పుతుంది, పైగా సన్నటి అంచు వేడెక్కి నీలం తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే.

మూడో రకం డమాస్కస్, అంటే రెండు ఉక్కుల పొరలు కలిపి చారలు తేలేలా చేసేది. దాని గురించి మొదలుపెడితే ఆపలేను కాబట్టి ఒక్క ముక్క. స్వీడన్‌లో డమాస్టీల్ వాళ్లు ఆర్‌డబ్ల్యుఎల్34, పిఎంసి27 అనే రెండు స్టెయిన్‌లెస్ ఉక్కుల్ని పొడి రూపంలోనే పేర్చి కలిపేస్తారు, రెండూ స్టెయిన్‌లెస్సే, యాసిడ్‌లో ముంచితే మాత్రం ఒకటి నల్లబడుతుంది, ఒకటి మెరుస్తుంది. చూస్తే కొనేస్తారు, జాగ్రత్త.

పాతపదును:

మోజు పాడుచేస్తున్నందుకు తిట్టుకోకండి గానీ, మూడంగుళాల బ్లేడ్‌కి ఈ అతుకు వల్ల కోతలో లాభం ఏమీ లేదు.

ఒకప్పుడు ఉక్కు దొరకడమే గగనం, అందుకని ఇనప గొడ్డలికి అంచు మేర మాత్రం ఉక్కు ముక్క పెట్టి అతికేవాళ్లు. గొడ్డలి దెబ్బ ఒళ్లంతా తగులుతుంది కాబట్టి ఒళ్లు మెత్తగా, అంచు గట్టిగా ఉండటంలో అర్థముంది. జేబులో కత్తికి విరిగేది ఏంటి చెప్పండి? మొన. లేకపోతే వాదరలో చిన్న పెచ్చులు లేస్తాయి. ఆ రెండింటినీ వెన్ను కాపాడలేదు. కోసేది కింది ఉక్కు మాత్రమే, పైదానికి కోతతో సంబంధం లేదు. వంగడం విషయంలో కూడా అంతే, ఒకే మందంలో ఏ ఉక్కయినా బిరుసు దాదాపు ఒకటే. వెన్ను విరగాలంటే డబ్బా మూతలు పెకలించే అలవాటుండాలి, అలాంటివాడికి కావాల్సింది స్క్రూడ్రైవర్.

నేనూ ఉక్కు పేర్ల వెంట పడ్డవాణ్ణే. 2001లో ఎస్30వి వచ్చింది, 2009లో ఎస్35విఎన్, 2021లో మాగ్నాకట్, ప్రతిసారీ పాతది ఒక్కసారిగా పనికిరానిదైపోయినట్టు అనిపించేది. అన్నీ తిరిగొచ్చాక తెలిసింది, ముందు చూడాల్సింది వాదర వెనక మందం. నా దగ్గర ఒక ఖరీదైన మడత కత్తి ఉంది, ఏ కంపెనీదో వద్దులెండి, ఉక్కు పేరు చెబితే నోరూరుతుంది. వాదర మొదలయ్యే చోట వెర్నియర్ పెడితే 0.8 మిల్లీమీటర్లు. అట్టను కోయదు, నెట్టుకుంటూ పోతుంది. దాని పక్కనే 420 రకం ఉక్కుతో చేసిన సన్నటి చాకు వెన్నలో దిగినట్టు దిగుతుంది. తొందరగా మొద్దుబారుతుంది, నిజమే. రెండు నిమిషాలు రాయి మీద తోస్తే మళ్లీ రెడీ. ఉక్కు మార్చకుండా కోణాన్ని ఒక్కో వైపు 20 డిగ్రీల నుంచి 15కి దించి చూడండి, కొత్త కత్తి కొన్నట్టుంటుంది.

తుప్పుగాడు:

నా దగ్గర ఇలాంటిది నాలుగేళ్లుగా ఉంది. అతుక్కి ఏమీ కాలేదు. ఒక తప్పు మాత్రం నాది. టేపు జిగురు అంటుకుంటే తడి గుడ్డతో తుడిచి, ఆరకుండానే మడిచి, రెండు వారాలు బ్యాగులో మర్చిపోయాను. తెరిచి చూస్తే గీత కింద అంతా గోధుమరంగు చుక్కలు, గీత పైన ఒక్కటీ లేదు. సరిహద్దు గీసినట్టు సరిగ్గా రాగి దగ్గర ఆగిపోయాయి. డి2లో క్రోమియం 12 శాతం ఉంటుంది కదా, మరి తుప్పెందుకని నేనూ బుర్ర బద్దలుకొట్టుకున్నాను. కార్బన్ కూడా 1.5 శాతం దాకా ఉంటుంది, అది క్రోమియంలో చాలా భాగాన్ని పట్టేసుకుని కార్బైడ్లు (ఉక్కులో గట్టి నలుసులు) చేసుకుంటుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. నూనె, మెత్తటి పాలిష్ పేస్టుతో చుక్కలు పోయాయి, రెండు చోట్ల సూదిమొనంత గుంటలు మాత్రం ఉండిపోయాయి.

ఇంకోటి, ఆ రాగి మెరుపు ఎల్లకాలం ఉండదు, కొన్నాళ్లకి ముదురు రంగులోకి దిగుతుంది. రుద్దకండి. నాకైతే ఇప్పుడే బాగుంది.

మడతకత్తి_మోజు:

అందరికీ థాంక్స్. స్కేలు పెట్టి కొలిచాను, పిడి దగ్గర గీత కింద 9 మిల్లీమీటర్లుంది, మొన వైపు తగ్గుతూ పోయింది. ఈ లెక్కన ఆ కత్తి నాకంటే ఎక్కువకాలం బతుకుతుంది.

పాతపదును గారు చెప్పిన కోణం సంగతి నిన్న రాత్రి చూశాను. వాదర చెంపకి నల్ల మార్కర్ పూసి రాయి మీద రెండుసార్లు తోస్తే ఇంకు పైభాగంలోనే పోయింది, అంచు దగ్గర నల్లగా అలాగే ఉంది. సరిగ్గా 15 అని చెప్పను గానీ ఆ నలుపు అంచు దాకా పోయేవరకు పట్టాను, గంటంబావు పట్టింది. బాబోయ్, డి2 మొండిది. చివర్లో అంచున లేచిన పొర ఒకటి, ఇటు తోస్తే అటు పడుకుంటుంది, అటు తోస్తే ఇటు. దాంతోనే ఇరవై నిమిషాలు. కానీ ఆ తర్వాత కాగితం అంచు మీద పెట్టి బరువు వదిలేస్తే చప్పుడు లేకుండా దిగింది. డబ్బాలోంచి తీసిన రోజు చిరచిరమంటూ చింపింది ఇదే కత్తి.

ఒకటి అడగాలి. మాగ్నాకట్ గురించి అలా ఒక మాట అనేసి వదిలేశారేంటి?

పాతపదును:

అనకుండా ఉండాల్సింది. సరే, వినండి. అందులో క్రోమియం 10.7 శాతమే, డి2 కంటే తక్కువ. అయినా తుప్పు విషయంలో డి2 దాని దగ్గరికి కూడా రాలేదు. తుప్పుగాడు చెప్పిన లెక్కే, తిరగేసి చూడండి. అందులో క్రోమియం కార్బైడ్లు దాదాపు లేకుండా చేశారు, అరుగుదలని తట్టుకునే శక్తి వెనేడియం, నయోబియం కార్బైడ్ల నుంచి వస్తుంది, ఉన్న క్రోమియం అంతా తుప్పుకి కాపలా కాస్తుంది. ఉక్కును పొడి చేసి అదిమి కలిపే పౌడర్ పద్ధతి కాబట్టి ఆ కార్బైడ్లు కూడా నలుసంత. గట్టిదనం, పెళుసు లేకపోవడం, తుప్పు పట్టకపోవడం, ఇవన్నీ ఒకే ముక్కలో. అంటే రెండు ఉక్కుల్ని అతికి మీ కత్తివాళ్లు చేద్దామనుకున్న పని.

తమాషా ఏంటంటే, దాన్ని రూపొందించిన లారిన్ థామస్ తండ్రి డెవిన్ థామస్. ఆయన పేరుపడ్డదే పొరలు అతికిన డమాస్కస్ ఉక్కుతో.

మడతకత్తి_మోజు:

డ్రాయర్‌లో ఏడోదానికి చోటు చేస్తున్నాను. గీత లేకపోతే ఎలా ఉంటుందో అన్న దిగులు ఒక్కటే.