ఇంట్లో తెలుగు, బ్యాంకులో ఒడియా: భాష మారితే నిర్ణయం మారుతుందా?

ప్రశ్న (గజపతి జిల్లా నుంచి)

నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గరి పల్లె. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మా జీడితోటలో సగానికి పైగా చెట్లు కూలిపోయాయి. అప్పటినుంచి మా నాన్నగారు ఏటా అంట్లు నాటిస్తూ, కంచె బాగుచేయిస్తూ డబ్బు పోస్తూనే ఉన్నారు. వచ్చే పిక్కలు కూలి ఖర్చుకైనా చాలడం లేదు. తోట మాట ఇంట్లో ఎత్తితే, "ఇంత పెట్టి ఇప్పుడు వదులుకుంటామా" అంటారు. అదే మనిషి బ్యాంకులో ఒడియాలో మాట్లాడేటప్పుడు, ఆ తోట అమ్మితేనే బాకీ తీరుతుందని తానే తేటగా చెబుతారు. భాషను బట్టి మనిషి తీర్పు మారుతుందనడానికి పరిశోధన ఏమైనా ఉన్నదా?

జవాబు 1 (బరంపురం నుంచి)

మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. తిరిగిరాని ఖర్చును చూసుకుని ఇంకా ఖర్చు పెట్టడం మొదటిది. ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాలలో ఏడాది టికెట్లు కొనడానికి వచ్చినవారిలో కొందరికి 15 డాలర్ల పూర్తి ధరకు, కొందరికి 2 డాలర్లు, మరికొందరికి 7 డాలర్లు తగ్గించి, ఎవరికి ఏది వస్తే అది అన్నట్టుగా అమ్మారు. నాటకాలు అందరికీ అవే అయినా, పూర్తి ధర ఇచ్చినవారు తొలి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. మీ నాన్నగారి తోట ఆ టికెట్టు వంటిదే.

రెండవది భాష. 600 మంది ప్రాణాలకు ముప్పు తెచ్చిన వ్యాధికి ఏ చికిత్స ఎంచుకుంటారని ట్వెర్‌స్కీ, కానెమన్ 1981లో అడిగారు. "200 మంది తప్పక బతుకుతారు" అన్నప్పుడు నూటికి 72 మంది ఆ ఖాయమైన దారినే ఎంచుకోగా, అదే లెక్కను "400 మంది చనిపోతారు" అని చెప్పినప్పుడు 78 మంది ఖాయమైన దారిని కాదని, అందరూ దక్కవచ్చు, ఎవరూ దక్కకపోవచ్చు అనే పందేన్ని ఎంచుకున్నారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బోజ్ కైజర్ బృందం 2012లో ఇదే తరహా ప్రశ్నను, నేర్చుకున్న పరాయి భాషలో వేస్తే, చెప్పే తీరు వల్ల వచ్చే ఆ తేడా దాదాపు కనిపించకుండా పోయింది. పరాయి భాషలో మాటకు అంటుకున్న ఆవేశం పలచబడుతుందని వారు ఇచ్చిన వివరణ.

జవాబు 2 (సిరొంచ, గడ్చిరోలి జిల్లా నుంచి)

పై జవాబులోని వివరాలు సరైనవే గాని, వాటిని మన సరిహద్దు ఊళ్ళకు నేరుగా అన్వయించడం నాకు సమ్మతం కాదు. ఆ ప్రయోగాలలో పాల్గొన్నవారిలో ఎక్కువమంది పరాయి భాషను తరగతి గదిలో నేర్చుకున్నవారు. మా సిరొంచలో పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుతూనే పెరుగుతారు. సంతలో బేరం, బంధువుతో తగాదా, దేవుడికి మొక్కు ఏ భాషలోనైనా సాగుతాయి. ఆవేశంతో కలిసి వచ్చిన భాషను పరాయి భాష అనడం కుదరదు, మీ నాన్నగారికి ఒడియా కూడా అటువంటిదే అయి ఉండవచ్చు.

అంతకంటే ముఖ్యంగా, మీరు చెప్పిన రెండు సందర్భాలలో భాషతోపాటు ఎదుటి మనిషి కూడా మారాడు. బ్యాంకు అధికారి ముందు బాకీదారుగా మాట్లాడటం వేరు, కన్నకొడుకు ముందు తోట నాటిన తండ్రిగా మాట్లాడటం వేరు. తప్పు భాషదో వినేవారిదో తేలాలంటే, మీరే ఒకసారి ఇంట్లో ఆయనతో తోట సంగతి ఒడియాలో ఎత్తి చూడండి. (నవ్వులాట అనుకుని లేచిపోతారేమో, అది వేరే సంగతి.)

ప్రశ్న అడిగినవారి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సిరొంచ వారు చెప్పినట్టే చేశాను. నాన్నగారు ఒడియాలో కూడా అదే మాట అన్నారు, ఇంకా గట్టిగా అన్నారు. కాబట్టి మా ఇంటివరకు భాష మీద నా అనుమానం చాలావరకు తీరిపోయింది. ఆ తరువాత నాటకం టికెట్ల సంగతి గుర్తుకు తెచ్చుకుని ప్రశ్ననే తిప్పి, తెలుగులోనే అడిగాను: "ఈ తోట పొరుగాయనది అయి, ఈ రోజు మనకు అమ్మజూపితే, ఈ ధరకు కొంటారా?" ఆయన చాలాసేపు ఊరకుండి, కొననన్నారు. అమ్ముతానని మాత్రం ఇంకా అనలేదు. ఈ ఏడాదికి అంట్లు తెప్పించడం ఆపారు.