అప్పుల్లో ఉన్న తమ్ముడిని నొప్పించకుండా ఎలా అడగాలి?

హైదరాబాదు కూకట్‌పల్లిలో ఉంటున్న మా తమ్ముడు నాన్నగారి ఆసుపత్రి ఖర్చులకు క్రెడిట్ కార్డు వాడి, నెలనెలా కనీస మొత్తమే కడుతూ, మిగిలిన బాకీపై నెలకు 3 శాతానికి పైగా పడిన వడ్డీని తట్టుకోలేక లోన్ యాప్‌లలో మళ్లీ అప్పు చేశాడు. జల్సాలకు తగలేశాడని బంధువులు అనడం అన్యాయం. ఆ మాటలకు భయపడే అతడు ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించిందని చెప్పాక కొంత ధైర్యం తెచ్చుకున్నాడు. బ్యాంకుతో తక్కువ మొత్తానికి రాజీపడితే ఆ సంగతి క్రెడిట్ నివేదికలో నమోదై, మున్ముందు రుణం దొరకడం కష్టమవుతుంది కనుక, బంగారం తాకట్టు పెట్టి అన్నీ ఒకేసారి తీర్చడం మేలా? అంతకుముందు, అతడు సిగ్గుపడకుండా బాకీలన్నీ చెప్పేలా ఎలా అడగాలో అనుభవమున్నవారు తెలియజేయగలరని మనవి.