స్వివెల్ స్పూన్ ముక్కుకా, లీడర్ పైనా?

కొత్తగాలం: యానాం దగ్గర గోదావరి పాయలో పండుగప్పకి 20 గ్రాముల స్పూన్ (చెంచాలాంటి రేకు ఎర) వేస్తున్నాను. 20 పౌన్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర ఎరకి ముందు మూడడుగుల లీడర్ (విడి దారం ముక్క). దారం మెలికలు పడిపోతోంది. స్వివెల్ (మెలిక పడకుండా తిరిగే కీలు) ఎక్కడ కట్టాలండీ?

పాయగట్టు: ముక్కుకే, స్నాప్‌తో (తెరిచి మూసే క్లిప్పుతో) సహా. స్పూన్ మార్చడం కూడా తేలిక.

గోదారోడు: ముక్కుకి వద్దండి, స్పూన్ ఊపు చచ్చిపోతుంది. ముక్కు కన్నానికి తాళంచెవుల రింగులాంటి స్ప్లిట్ రింగ్ వేసి దానికి ముడెయ్యండి. నేరుగా కన్నానికే కడితే రేకు అంచు ముడిని కోసేస్తుంది. బాల్ బేరింగ్ స్వివెల్ బ్రెయిడ్, లీడర్ కలిసే చోట ఉండాలి. ముందు ఒడ్డు పక్కన లాగి చూడండి. స్పూన్ అటూ ఇటూ ఊగాలి. గిర్రున తిరుగుతుంటే రీలు నెమ్మదిగా చుట్టండి.

పాయగట్టు: మూడడుగుల లీడర్ పైన స్వివెల్ పెడితే రాడ్ కొన రింగులోకి లాగేస్తారు. లోపలి పింగాణీ పగిలి, ఆ పగులు బ్రెయిడ్‌ని కోస్తుంది. స్వివెల్ లేకుండా బ్రెయిడ్‌ని లీడర్‌కి సన్నగా అల్లే ఎఫ్‌జీ ముడైతే రింగుల్లోంచి సాఫీగా పోతుంది. 20 గ్రాముల స్పూన్‌కి చిన్న స్నాప్ ఓ బరువా?

కొర్రమీను: రాడ్ పొడవెంత?

గోదారోడు: చూసుకుని చుట్టేవాడికి రింగెందుకు పగులుతుంది? పెద్ద చేప పడితే తెరుచుకునేది మీ స్నాపే.

పాయగట్టు: నిరుడు 40 పౌన్ల లీడర్ కట్టమన్నప్పుడూ ఇలాగే కొట్టిపారేశారు. పండుగప్ప మొప్ప మూత అంచు కత్తండీ!

గోదారోడు: అసలు నా గొడవ ఆ 40తోనే! కింద 40, పైన 20 అయితే మడ చెట్ల వేళ్లలో చిక్కినప్పుడు తెగేది బ్రెయిడ్. గజాల కొద్దీ దారం వేళ్లకి చుట్టుకుని కొంగల కాళ్లకి ఉరవుతుంది. నేను 15 పౌన్లే కడతాను. తెగినా స్పూన్ దగ్గరే తెగుతుంది.

పాయగట్టు: ఆ 15 మొప్పకి తగిలి తెగితే, మూడు కొక్కేల గాలం నోట్లో గుచ్చుకుని తిరిగే చేప మాటేమిటి? కొంగకున్న ప్రాణం దానికి లేదా?

గోదారోడు: ట్రెబుల్ తీసేసి ఒంటి గాలం వేసుకోండి. ఎదురుముల్లు నొక్కేయండి, అదే ఊడిపోతుంది.

పాయగట్టు: గాలం నేనూ మారుస్తాను, లీడర్ మాత్రం తగ్గించను. కావాలంటే బ్రెయిడ్ 50కి పెంచుతాను.

గోదారోడు: 50 లావుకి స్పూన్ దూరం పోదు.

పాయగట్టు: పోకపోతే పోనీండి. చేప ఒడ్డుకి రావాలి.

కొత్తగాలం: ఒంటి గాలం ఏ సైజుదండీ?

గోదారోడు: తీసేసిన ట్రెబుల్ అంత బరువుండేది. తోక తేలికైతే స్పూన్ గిర్రున తిరిగి మళ్లీ మెలికే.